ఫాఫ్సా ఎక్కడ ఆగుతుంది? అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు కాలేజీ సాయం దరఖాస్తులో ఎదురయ్యే చిక్కులు

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ విద్యాశాఖ ఇచ్చే సాయమంతా ఫాఫ్సా అనే ఒక్క దరఖాస్తు మీదుగానే వస్తుంది. రాష్ట్రాలు ఇచ్చే గ్రాంట్లలో చాలా భాగానికి, కాలేజీలు సొంత నిధుల్లోంచి ఇచ్చే సాయంలో కొంతకు కూడా అదే ఆధారం. ఫారం ఇప్పుడు చిన్నదే. కాగితాలన్నీ దగ్గరుంటే గంటలో అయిపోతుంది. అయినా ఏటా ఎన్నో కుటుంబాలు డిసెంబరులో మొదలుపెట్టి మార్చి దాకా అక్కడే చిక్కుకుపోతున్నాయి. లెక్కలు రాక కాదు. పేరు ఎలా రాయాలి, ఖాతా ఎవరు తెరవాలి, అనుమతి ఎవరు ఇవ్వాలి అన్న చోటే దరఖాస్తు ఆగిపోతోంది. తెలుగు కుటుంబాలకు వీసా హోదా, పాస్‌పోర్టులో ఇంటిపేరు తిరకాసు, ఇండియాలో ఉన్న ఆస్తులు అదనం. వీటిలో చాలావాటిని పన్నెండో తరగతి మొదలవకముందే, వేసవి సెలవుల్లోనే సరిచేసుకోవచ్చు. గడువు నెత్తి మీదికి వచ్చాక మాత్రం ఏదీ త్వరగా తెమలదు.

పాత సలహాలు ఎందుకు పనికిరావు

పెద్దబిడ్డను నాలుగైదేళ్ల కిందట కాలేజీలో చేర్చిన స్నేహితులు చెప్పే మాటల్లో సగం ఇప్పుడు చెల్లవు. 2020 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ ఆమోదించిన ఫాఫ్సా సరళీకరణ చట్టం 2024-25 దరఖాస్తుతో పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఈఎఫ్‌సీ అని ఉండే, కుటుంబం చదువుకు ఎంత భరించగలదో అంచనా వేసే అంకె స్థానంలో ఎస్‌ఏఐ వచ్చింది. ఈ అంకె ఎంత తక్కువైతే సాయానికి అర్హత అంత ఎక్కువ. అది మైనస్ 1,500 దాకా కూడా దిగవచ్చు. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాను ఇద్దరికీ పంచే పద్ధతి పోయింది. కవలలున్న ఇళ్లకు, ఒకటి రెండేళ్ల తేడాతో పిల్లలున్న ఇళ్లకు ఇది గట్టి దెబ్బే. విడాకులు తీసుకున్నవారిలో ఎవరి వివరాలు ఇవ్వాలన్న నియమం కూడా మారింది. బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉందన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు. గత పన్నెండు నెలల్లో ఎవరు ఎక్కువ ఖర్చు భరించారన్నదే చూస్తారు.

ఆ మార్పు జరిగిన ఏడాది అనుభవం తల్లిదండ్రులను ఇప్పటికీ వెంటాడుతోంది. మామూలుగా అక్టోబరు 1న తెరుచుకునే ఫారం 2023 డిసెంబరు 30న, అదీ రోజుకు కాసేపు మాత్రమే తెరుచుకుంది. ద్రవ్యోల్బణానికి తగ్గట్టు సవరించాల్సిన ఆదాయ మినహాయింపు పట్టికలను ముందు సవరించలేదు. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేని తల్లిదండ్రులు ఫారం పూర్తిచేయలేకపోయారు. కాలేజీలకు వివరాలు 2024 మార్చి మధ్య నుంచి గానీ చేరలేదు. చేరినవాటిలోనూ లక్షల రికార్డుల్లో తప్పు లెక్కలు బయటపడ్డాయి. ఆ ఏడాది మొదటి ఐదు నెలల్లో సహాయ కేంద్రానికి వచ్చిన 54 లక్షల ఫోన్ కాల్స్‌లో 40 లక్షలు ఎవరూ ఎత్తలేదని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తర్వాత తేల్చింది. ఈ అనుభవంతోనే అక్టోబరు 1కల్లా ఫారం తెరవడాన్ని తప్పనిసరి చేస్తూ 2024 డిసెంబరులో చట్టం వచ్చింది. 2026-27 ఫారం 2025 సెప్టెంబరు 24నే అందరికీ తెరుచుకుంది. వ్యవస్థ ఇప్పుడు చాలావరకు కుదుటపడింది. కాబట్టి ఈ రోజుల్లో దరఖాస్తు ఆగిందంటే కారణం ఎక్కువసార్లు ఆ కుటుంబానికే చెందిన ఏదో ఒక వివరంలో దొరుకుతుంది. వెతికితే సరిచేసుకోగలిగిందే అయివుంటుంది.

పేరు, పుట్టిన తేదీ, ఖాతా

విద్యార్థికి ఒకటి, ఫారంలో పాల్గొనే తల్లి లేదా తండ్రికి ఒకటి చొప్పున స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో విడివిడిగా ఖాతాలు ఉండాలి. ఫారంలో వివరాలు ఇచ్చి సంతకం చేసే ప్రతి ఒక్కరినీ కంట్రిబ్యూటర్ అంటారు. ఒక ఈమెయిలును, ఒక ఫోన్ నంబరును రెండు ఖాతాలకు వాడనివ్వరు. ఇంటిల్లిపాదీ ఒకే ఈమెయిలు వాడే అలవాటున్న చోట మొదటి అడ్డంకి ఇదే. బిడ్డ ఖాతాను తండ్రి తన ఈమెయిలుతో తెరిచేస్తాడు. ఆ తర్వాత తన ఖాతా తెరవబోతే ఆ ఈమెయిలు ఇప్పటికే వాడుకలో ఉందని వస్తుంది. బిడ్డ స్కూలు ఈమెయిలుతో తెరవడం కూడా మంచిది కాదు. స్కూలు అయిపోగానే అది మూతపడుతుంది, ఖాతా మాత్రం చదువు ముగిసి అప్పు తీరేదాకా కావాలి.

ఖాతా తెరిచినప్పుడు పేరు, పుట్టిన తేదీ, ఎస్‌ఎస్‌ఎన్ మూడింటినీ సోషల్ సెక్యూరిటీ శాఖ రికార్డుతో సరిపోలుస్తారు. తెలుగువారి దరఖాస్తులు తడబడేది సరిగ్గా ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉండటం, ఇంటిపేరు పొట్టి అక్షరంగా మిగిలిపోవడం, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పేరు మారినా సోషల్ సెక్యూరిటీ కార్డులో పాతదే ఉండటం, రెండు మూడు పదాల పేరులో ఒక పదం మిడిల్ నేమ్ గడిలోకి జారిపోవడం మామూలే. సర్టిఫికెట్ కోసం రాయించిన పుట్టిన తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉన్నవారూ ఉన్నారు. డ్రైవింగ్ లైసెన్సులో ఏముంది, ఆఫీసు రికార్డులో ఏముంది అన్నది ఇక్కడ పనికిరాదు. సోషల్ సెక్యూరిటీ కార్డు చేతిలో పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు, ఖాళీలతో సహా రాయాలి. ఆ కార్డులోనే తప్పుంటే ముందు ఆ శాఖ ఆఫీసుకు వెళ్లి మార్పించుకోవాలి. కొత్త కార్డు వచ్చేసరికి వారాలు పడుతుంది. వేసవిలోనే చూసుకోమనేది ఇందుకే.

2024-25, 2025-26 ఫారాల్లో విద్యార్థి తల్లిదండ్రులను ఆహ్వానించాలంటే వారి పేరు, పుట్టిన తేదీ, ఎస్‌ఎస్‌ఎన్ తన వైపు నుంచి నింపాల్సి వచ్చేది. అవి తల్లిదండ్రుల ఖాతాతో అక్షరం తేడా వచ్చినా ఆహ్వానం చేరేది కాదు. 2026-27 నుంచి ఈమెయిలు, దానికి వచ్చే కోడ్‌తోనే పని జరుగుతోంది. ఖాతా సరిచూడటం కూడా ఒకటి నుంచి మూడు రోజులు పట్టకుండా వెంటనే అవుతోంది. అయినా రికార్డుల్లోనే పేరు తేడా ఉంటే ఈ సౌకర్యం ఏమీ చేయలేదు.

తల్లికి ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే

బిడ్డ అమెరికాలో పుట్టి పౌరసత్వం ఉంది, తండ్రి హెచ్-1బీ, తల్లి అతని మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉండి పని అనుమతి లేక, ఎస్‌ఎస్‌ఎన్ లేనివారికి పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబరుతోనే పన్ను రిటర్న్‌లో ఉంది. ఇలాంటి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తల్లిదండ్రుల వీసా ఏదైనా సరే, బిడ్డ ఫెడరల్ సాయం అర్హతకు అది అడ్డు రాదు. అడ్డమల్లా ఖాతా దగ్గరే. ఎస్‌ఎస్‌ఎన్ లేనివారు కూడా ఖాతా తెరవవచ్చు కానీ, అప్పుడు గుర్తింపును క్రెడిట్ చరిత్ర ఆధారంగా అడిగే ప్రశ్నలతో నిర్ధారిస్తారు. సొంత పేరు మీద కార్డులు, లోన్లు లేనివారికి ఆ ప్రశ్నలు కుదరవు. అప్పుడు కేసు నంబరు ఇస్తారు. ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేసి, పాస్‌పోర్టు లాంటి గుర్తింపుతో కలిపి పంపి ఎదురుచూడాలి.

చాలామందికి తెలియని సులువైన దారి ఒకటి ఉంది. భార్యాభర్తలు కలిసి ఒకే పన్ను రిటర్న్ వేసివుంటే ఇద్దరిలో ఒక్కరే కంట్రిబ్యూటర్‌గా ఉంటే చాలు. కాబట్టి ఎస్‌ఎస్‌ఎన్ ఉన్న తండ్రే ఖాతా తెరిచి, ఫారం నింపి, సంతకం చేయాలి. తల్లి పేరు, పుట్టిన తేదీ మాత్రం ఫారంలో భార్య వివరాల కింద వస్తాయి. అక్కడ ఎస్‌ఎస్‌ఎన్ లేదని చెప్పే వీలుంది. ఐటిన్ నంబరును ఎస్‌ఎస్‌ఎన్ గడిలో ఎప్పుడూ రాయకూడదు. ఇద్దరూ విడివిడిగా రిటర్నులు వేసిన ఇంట్లో మాత్రం ఇద్దరూ పాల్గొనక తప్పదు. ఆ రెండో ఖాతా పని రెండు నెలల ముందే మొదలుపెట్టడం మేలు.

పౌరసత్వం వచ్చింది, రికార్డు మారలేదు

ఇది ఇటీవల గ్రీన్‌కార్డు నుంచి పౌరసత్వానికి మారిన ఇళ్ల సమస్య. తల్లిదండ్రులు ప్రమాణం చేసి పౌరులైతే, 18 ఏళ్ల లోపు ఉండి గ్రీన్‌కార్డుతో వారి దగ్గరే ఉంటున్న బిడ్డకూ పౌరసత్వం దానంతటదే వస్తుంది. పాస్‌పోర్టు తీసేసుకుంటారు. సోషల్ సెక్యూరిటీ శాఖకు చెప్పే సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫారంలో అమెరికా పౌరుడని రాయగానే ఆ శాఖ రికార్డు కాదంటుంది. దరఖాస్తు ప్రాసెస్ అవుతుంది కానీ పక్కన ఒక వ్యాఖ్య చేరుతుంది. పౌరసత్వ రుజువు చూపేదాకా కాలేజీ డబ్బు విడుదల చేయదు. అమెరికా పాస్‌పోర్టు గానీ, పౌరసత్వ సర్టిఫికెట్ గానీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు చూపిస్తే ఆ కాలేజీలో పని జరుగుతుంది. కానీ పది కాలేజీలకు పంపివుంటే పది చోట్లా చూపాలి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఒక్కసారి మార్పిస్తే ఆ బాధ తప్పుతుంది.

గ్రీన్‌కార్డు ఉన్న విద్యార్థికి ఏ-నంబరు (కార్డు మీద ఉండే ఏలియన్ రిజిస్ట్రేషన్ నంబరు) సరిగ్గా పడాలి. ఒక అంకె జారినా మళ్లీ ఇదే తంతు.

హెచ్-4 మీద ఉన్న బిడ్డకు మాత్రం ఫెడరల్ సాయానికి అర్హత లేదు. ఈ ఒక్క సంగతి తెలియక నెలలు వృథా చేసుకునే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే బడి చదువంతా పూర్తిచేసినా, తండ్రి పదిహేనేళ్లుగా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నా నియమం మారదు. వీరికున్న దారులు వేరు. మెరిట్ స్కాలర్‌షిప్పులు, నివాసం ఆధారంగా ఇన్-స్టేట్ ఫీజు ఇచ్చే రాష్ట్రాల కాలేజీలు, విదేశీ విద్యార్థులకు కూడా అవసరాన్ని బట్టి సాయం చేసే ప్రైవేటు కాలేజీలు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటివి దరఖాస్తుదారు ఏ దేశస్థుడైనా డబ్బు అవసరాన్ని ప్రవేశంలో లెక్కలోకి తీసుకోవు. ప్రవేశం కష్టమే, కానీ సాయం ఉంది. ఇలాంటి చోట్ల తరచుగా అడిగేది కాలేజ్ బోర్డు అనే సంస్థ నడిపే మరో సాయం దరఖాస్తు సీఎస్‌ఎస్ ప్రొఫైల్.

అనుమతి, తప్పు గడి

ఫారంలో పాల్గొనే ప్రతి ఒక్కరూ ఐఆర్‌ఎస్ అనే పన్నుల శాఖ నుంచి పన్ను వివరాలు తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వాలి. పన్ను రిటర్న్ వేయనివారు, ఆదాయమంతా వేరే దేశంలో ఉన్నవారు, గోప్యత కోసం వెనకాడేవారు ఎవరైనా సరే, ఒక్కరు వద్దంటే ఎస్‌ఏఐ లెక్క వేయరు, ఫెడరల్ సాయం రాదు. తర్వాత మనసు మార్చుకుని సవరణలో ఇవ్వవచ్చు కానీ మధ్యలో వారాలు పోతాయి. అనుమతి వేరు, చివరి సంతకం వేరు. తండ్రి తన భాగం నింపి, సంతకం చేయకుండానే పేజీ మూసేసి అయిపోయిందనుకోవడం అతి మామూలు పొరపాటు. విద్యార్థి భాగం పూర్తయి, తల్లిదండ్రుల సంతకం లేని దరఖాస్తు సమర్పించినట్టు కాదు. కన్ఫర్మేషన్ ఈమెయిలు వచ్చిందా లేదా అన్నదే కొలమానం.

విద్యార్థి ఒంటరిగా కూర్చుని తన భాగం నింపేటప్పుడు చేతులారా తెచ్చుకునే ప్రమాదం మరొకటి ఉంది. తల్లిదండ్రులు వివరాలు ఇవ్వడానికి ఇష్టపడటం లేదా, అన్‌సబ్సిడైజ్డ్ లోనుకు (చదివే రోజుల్లోనూ వడ్డీ పడే ఫెడరల్ అప్పుకు) మాత్రమే దరఖాస్తు చేస్తారా అని ఒక ప్రశ్న వస్తుంది. మనకు లోన్ చాలు కదా అని అవును నొక్కేస్తే తల్లిదండ్రుల భాగమే తెరుచుకోదు. ఎస్‌ఏఐ రాదు, పెల్ గ్రాంటు (తక్కువ ఆదాయమున్న ఇళ్లకు ఇచ్చే, తిరిగి చెల్లించక్కర్లేని ఫెడరల్ సాయం), కాలేజీ గ్రాంటు అన్నీ పోతాయి. ఇంట్లో వాళ్లతో ఉండలేని పరిస్థితులు ఉన్నాయా అన్న ప్రశ్న కూడా అలాంటిదే. వేధింపులు, ఇంటి నుంచి గెంటివేత లాంటివాటి కోసం పెట్టినది అది. మామూలు ఇంటి పిల్లలు రెండింటికీ కాదు అనే చెప్పాలి. నొక్కేసివుంటే సవరణ పెట్టవచ్చు, వెంటనే పెట్టాలి.

ఐఆర్‌ఎస్ తెచ్చిన అంకె కూడా తప్పుదారి పట్టించవచ్చు

ఫాఫ్సా రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది. 2026-27 చదువుకు 2024 పన్ను రిటర్న్. అంకెలు ఐఆర్‌ఎస్ నుంచే నేరుగా వస్తాయి కాబట్టి అవే సరైనవని అందరూ వదిలేస్తారు. ఐటీ ఉద్యోగాల్లో కంపెనీ మారేవారు ఒకచోట ఆగి చూసుకోవాలి. పాత కంపెనీ 401కె రిటైర్‌మెంట్ ఖాతాలోని డబ్బును కొత్త ఖాతాకో, సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా ఐఆర్‌ఏకో మార్చారనుకుందాం. ఆ మొత్తం 80,000 డాలర్లు అయితే పన్ను రిటర్న్ అయిన 1040 ఫారంలో 5ఏ వరుసలో 80,000, పన్ను పడదు కాబట్టి 5బీ వరుసలో సున్నా, పక్కన రోలోవర్ (ఖాతా మార్పిడి) అన్న గుర్తు ఉంటాయి. ఫాఫ్సా ఆ రెండు వరుసల తేడాను పన్ను పడని ఆదాయంగా తీసుకుంటుంది. రోలోవర్ మొత్తం ఎంత అని ఫారంలో విడిగా అడిగే గడిలో 80,000 అని రాయకపోతే ఇంటికి రాని సొమ్ము ఆదాయంలో చేరిపోతుంది. తల్లిదండ్రుల ఆదాయంలో మినహాయింపులు పోగా మిగిలినదాని మీద 22 నుంచి 47 శాతం దాకా లెక్కిస్తారు. పై శ్లాబులో ఉన్న ఇంటికి ఈ ఒక్క ఖాళీ గడి వల్ల ఎస్‌ఏఐ 37,600 డాలర్లు పెరగవచ్చు. రిటైర్‌మెంట్ ఖాతా నడిపే సంస్థ పంపే 1099-ఆర్ పత్రం తీసి చూసుకుంటే నిమిషంలో తెలిసిపోతుంది. ఐఆర్‌ఏ నుంచి ఐఆర్‌ఏకు మార్చినప్పుడు 4ఏ, 4బీ వరుసలకూ ఇదే సూత్రం. ఇప్పటికే సమర్పించినవారు సవరణలో పెట్టాలి, కాలేజీకి పత్రం పంపాలి.

రిటర్న్ ఆలస్యంగా వేసినా, కాగితం మీద వేసినా ఐఆర్‌ఎస్ దగ్గర వివరాలు దొరకడానికి వారాలు పడుతుంది. తర్వాత 1040-ఎక్స్‌తో సవరించుకున్నవారు ఆ ప్రతిని విడిగా కాలేజీకి ఇవ్వాల్సి రావచ్చు.

ఇండియాలో ఆస్తి చెప్పాలా?

చెప్పాలి. ఉంటున్న ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు తప్ప మిగతా పెట్టుబడులన్నీ ఏ దేశంలో ఉన్నా లెక్కలోకి వస్తాయి. హైదరాబాదులోని ఫ్లాటు, ఊళ్లో పొలం, ప్లాటు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు అన్నీ. అప్పు ఉంటే తీసేసి, ఫారం నింపే రోజు విలువను ఆ సమయపు మారకపు రేటుతో డాలర్లలోకి మార్చి రాయాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికా రిటర్న్‌లో చూపాల్సిందే. అది చూపకుండా ఇక్కడ డిపాజిట్ చూపితే రెండూ పొసగవు. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే రాయాలి. బిడ్డ తాత పేరునే ఉన్న పొలం, రేపెప్పుడో వస్తుందన్నది, తల్లిదండ్రులది కాదు. ఒక చిన్న ఊరట ఏమిటంటే, తల్లిదండ్రుల ఆస్తి మీద లెక్క గరిష్ఠంగా 5.64 శాతమే. లక్ష డాలర్ల ప్లాటు వల్ల ఎస్‌ఏఐ పెరిగేది 5,640 డాలర్లకు మించదు. అదే సొమ్ము బిడ్డ పేరున ఉంటే 20 శాతం. కాబట్టి అబద్ధం చెప్పడం వల్ల మిగిలేది తక్కువ, దొరికితే పోయేది చాలా ఎక్కువ.

2026-27 నుంచి కుటుంబం నివసిస్తున్న పొలానికి, వందమందికి మించని ఉద్యోగులతో కుటుంబమే నడిపే చిన్న వ్యాపారానికి మినహాయింపు తిరిగి వచ్చింది. గ్యాస్ స్టేషను, మోటెల్ సొంతంగా నడుపుతున్నవారికి ఇది మేలు. గుంటూరు జిల్లాలో కౌలుకిచ్చిన పొలానికి వర్తించదు, అక్కడ నివాసం లేదు కాబట్టి.

సమర్పించిన తర్వాత

సమర్పించిన కొద్ది రోజుల్లో స్థితి ప్రాసెస్డ్ అని మారాలి. యాక్షన్ రిక్వైర్డ్ అని ఉంటే దరఖాస్తు ఆగినట్టే. ఎవరి వైపు ఏం కావాలో పక్కనే రాసివుంటుంది. చాలాసార్లు సంతకం లేదా అనుమతి. ప్రాసెస్ అయ్యాక ఫాఫ్సా సబ్మిషన్ సమ్మరీ తెరిచి ఎస్‌ఏఐ అంకె, కాలేజీల జాబితా చూసుకోవాలి. ఇరవై కాలేజీల దాకా పెట్టవచ్చు.

అక్కడితో అయిపోదు. కొందరిని వివరాల తనిఖీ అయిన వెరిఫికేషన్‌కు ఎంపిక చేస్తారు. అంటే తప్పు చేశారని కాదు. కాలేజీ పోర్టల్‌లో వర్క్‌షీటు, డబ్ల్యూ-2లు, పన్ను ట్రాన్‌స్క్రిప్టు, కొన్నిసార్లు విద్యార్థి గుర్తింపు అడుగుతారు. ఈ సందేశాలు విద్యార్థి కాలేజీ ఈమెయిలుకు వస్తాయి, తల్లిదండ్రులకు కాదు. పిల్లలు ఆ ఈమెయిలు చూడరు. ఆగస్టులో ఫీజు బిల్లులో సాయం కనిపించకపోయాక ఇల్లు ఉలిక్కిపడుతుంది. ఫిబ్రవరి నుంచి వారానికోసారి బిడ్డతో కలిసి ప్రతి పోర్టల్ తెరిచి చూడటం తప్ప దీనికి మందు లేదు.

గడువులు మూడు రకాలు. 2026-27 ఫారానికి ఫెడరల్ చివరి తేదీ 2027 జూన్ 30. దాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. రాష్ట్రాల తేదీలు ఎంతో ముందే ముగుస్తాయి. కాలిఫోర్నియాలో కాల్ గ్రాంటుకు మార్చి 2, టెక్సాస్‌లో ప్రాధాన్య తేదీ జనవరి 15. కాలేజీల తేదీలు వేరు, ఎర్లీ డెసిషన్ (ముందుగానే ఒకే కాలేజీకి కట్టుబడి చేసే దరఖాస్తు) పెట్టినవారికి సీఎస్‌ఎస్ ప్రొఫైల్ గడువు నవంబరులోనే రావచ్చు. ఏదైనా సాంకేతిక కారణం వల్ల గడువు దాటే పరిస్థితి వస్తే, తెర మీద కనిపించిన లోపాన్ని ఫొటో తీసి, కేసు నంబరు, తేదీ రాసి, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు గడువులోపే ఈమెయిలు పెట్టాలి. ఫోనులో చెప్పిన మాటకు రికార్డు ఉండదు. సీటు ఖరారు చేసుకోవాల్సిన మే 1 నాటికి సాయం లెక్క రాకపోతే డిపాజిట్ గడువు పొడిగించమని కూడా అలాగే రాతపూర్వకంగా అడగవచ్చు. 2024లో ఎన్నో కాలేజీలు జూన్ 1 దాకా పొడిగించాయి. విడివిడిగా అడిగినవారికి ఇప్పటికీ ఇచ్చే కాలేజీలున్నాయి.

ఉద్యోగం పోయిన ఇల్లు

రెండేళ్ల కిందటి జీతం బాగుంది, ఇప్పుడు లేఆఫ్. ఫారంలో ఇప్పటి ఆదాయం రాయకూడదు, పాత రిటర్న్ ప్రకారమే వెళ్లాలి. ఆ తర్వాత ప్రతి కాలేజీకీ విడివిడిగా, మారిన పరిస్థితిని చూసి లెక్క సవరించమనే ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ కోరుతూ దరఖాస్తు పెట్టాలి. తొలగింపు లేఖ, చివరి జీతం స్లిప్పు, సెవరెన్స్ వివరం, నిరుద్యోగ భృతి పత్రం, ఈ ఏడాది వస్తుందనుకునే ఆదాయం అంచనా జతచేయాలి. పెద్ద ఆసుపత్రి ఖర్చు, ఇన్సూరెన్సు భరించనిది, కూడా కారణమే. ఇలాంటి అభ్యర్థనలన్నీ తిరస్కరిస్తామని కాలేజీ నియమం పెట్టుకోవడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు, కానీ ఒక్కో కేసులో వారి నిర్ణయమే తుది. ప్రభుత్వ శాఖకు అప్పీలు లేదు. కష్టకాలంలో ఉన్న ఇళ్లు మొహమాటపడి ఈ అభ్యర్థన పెట్టకపోవడం చాలా చోట్ల జరుగుతోంది. అడగడం హక్కు.

ఆదాయం ఎక్కువ, మనకేం రాదులే అని ఫాఫ్సా వదిలేసేవారూ ఎక్కువే. విద్యార్థి పేరున వచ్చే అన్‌సబ్సిడైజ్డ్ లోనుకు ఆదాయ పరిమితి లేదు. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపై 7,500 డాలర్లు. కొన్ని కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్పుకు కూడా ఫాఫ్సా అడుగుతాయి. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోనుకు 2026 జూలై 1 నుంచి ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్ల పరిమితి వచ్చింది. అది తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయివుండాలి. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఆ లోన్ రాదు. అయితే తల్లిదండ్రులు ఆ హోదా వల్ల లోన్ తీసుకోలేరని పత్రాలతో చూపితే, పౌరుడైన బిడ్డకే అదనంగా అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఇచ్చే వెసులుబాటు కాలేజీకి ఉంది: మొదటి రెండేళ్లు ఏటా 4,000, తర్వాత 5,000 డాలర్లు. అంటే మొదటి ఏడాది 9,500. ఇది దానంతటదే రాదు, ఎవరూ పిలిచి చెప్పరు. వీసా పత్రం ప్రతితో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాసి అడగాలి, సాయం ప్రకటన లేఖ చేతికి వచ్చిన వారంలోనే.